బ్లాక్ హోల్ ఫొటో: ఆ ‘నిప్పుల గారె’ నిజమేనా? రేడియో టెలిస్కోపులు అసలేం చూశాయి?

నల్లటి తెర మీద నారింజ రంగు వలయం.. మధ్యలో చీకటి. అచ్చం నిప్పుల్లో కాల్చిన గారెలా ఉండే ఆ ఫొటో గుర్తుందా? 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా వైరల్ అయిన తొలి బ్లాక్ హోల్ చిత్రం అది. మూడేళ్ల తర్వాత, 2022 మే 12న, మన పాలపుంత మధ్యలో ఉన్న బ్లాక్ హోల్ ఫొటో కూడా వచ్చేసింది. అక్కడితో కథ అయిపోయిందనుకుంటే పొరపాటే. ఆ వలయం నిజంగా ఉందా, లెక్కల్లో పుట్టిందా అనే చర్చ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

కెమెరాతో తీసింది కాదు

మామూలు అర్థంలో ఇది ఫొటోనే కాదు. ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ (ఈహెచ్‌టీ) అనేది ఒకే టెలిస్కోప్ కూడా కాదు. 2017లో ఇది చిలీ, హవాయి, అరిజోనా, మెక్సికో, స్పెయిన్, దక్షిణ ధ్రువంలో ఉన్న 8 రేడియో టెలిస్కోపుల నెట్‌వర్క్‌గా ఉండేది. 2017 ఏప్రిల్‌లో ఇవన్నీ కలిసి ఒకేసారి ఆకాశం వైపు చూశాయి.

ఇన్ని ఎందుకంటే.. ఎం87 గెలాక్సీలోని బ్లాక్ హోల్ బరువు 650 కోట్ల సూర్యుళ్లంత. కానీ అది ఉన్నది 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో. ఇక్కణ్నుంచి దాన్ని చూడటమంటే చంద్రుడి మీద పెట్టిన గారెను భూమి నుంచి చూడటం లాంటిదే. 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలతో అంత చిన్నది కనిపించాలంటే దాదాపు భూమంత డిష్ కావాలి. అలాంటిది కట్టడం ఎవరి వల్లా కాదు. అందుకే దూరదూరంగా ఉన్న డిష్‌లు ఒకే సమయంలో పట్టిన సిగ్నళ్లను కలిపి లెక్కేస్తారు. ఏ తరంగం ఏ క్షణంలో వచ్చిందో చెప్పడానికి ప్రతి చోటా అటామిక్ క్లాక్ ఉంటుంది. డేటా ఎంత భారీ అంటే.. ఇంటర్నెట్‌లో పంపలేక హార్డ్ డిస్కుల్ని విమానాల్లో అమెరికా, జర్మనీలకు తరలించారు. దక్షిణ ధ్రువం డిస్కుల కోసమైతే అక్కడి చలికాలం ముగిసేదాకా ఆగాల్సి వచ్చింది!

చుక్కలు చెరిగిన ముగ్గు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. భూమంత డిష్‌లో నిజంగా పనిచేసేది ఆ కొన్ని చోట్లు మాత్రమే. మిగతాదంతా ఖాళీ. సగానికి పైగా చుక్కలు చెరిగిపోయిన ముగ్గును ఊహించుకోండి. మిగిలిన చుక్కల్ని కలుపుతూ ఒకటి కాదు, చాలా ముగ్గులు వేయొచ్చు. అందులో అసలుది ఏది?

ఈ అనుమానం ఈహెచ్‌టీ శాస్త్రవేత్తలకూ ఉంది. అందుకే ఎం87 డేటాను నాలుగు బృందాలకు ఇచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చిత్రం తయారు చేయమన్నారు. నలుగురికీ వలయమే వచ్చింది. దాని సైజు ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పిన లెక్కకు సరిపోయింది. ఇక ఆ నారింజ రంగు? అది మనుషులు వేసిందే. రేడియో తరంగాలకు రంగు ఉండదు.

అయినా అందరూ ఒప్పుకోలేదు. జపాన్ శాస్త్రవేత్త మకోటో మియోషి బృందం అదే డేటాను తమ పద్ధతిలో మళ్లీ విశ్లేషించింది. ఎం87లో వలయం కనిపించడం లేదని 2022లో, పాలపుంత బ్లాక్ హోల్ చుట్టూ ఉన్నది వలయం కాదు, సాగినట్టున్న ఆకారమని 2024లో వాదించింది. టెలిస్కోపుల మధ్య ఖాళీల వల్లే వలయం పుట్టిందన్నది వాళ్ల మాట. ఆ విశ్లేషణలోనే లోపాలున్నాయని ఈహెచ్‌టీ కొట్టిపారేసింది.

ఎవరి మాట నమ్మాలి?

రెండు బ్లాక్ హోల్స్‌నీ ఒకే గాటన కట్టకూడదు. ఎం87 విషయంలో ఈహెచ్‌టీ వాదన బలంగా ఉంది. 2018లో గ్రీన్‌ల్యాండ్ టెలిస్కోప్ కూడా చేరాక తీసిన చిత్రం 2024 జనవరిలో బయటికొచ్చింది. వలయం సైజు మారలేదు. వెలుగు ఎక్కువున్న చోటు మాత్రం సుమారు 30 డిగ్రీలు జరిగింది. చుట్టూ తిరిగే వేడి వాయువు మారుతుంది, బ్లాక్ హోల్ నీడ మారదు. సరిగ్గా సిద్ధాంతం చెప్పేదీ ఇదే.

పాలపుంత మధ్యలోని సాజిటేరియస్ ఏ స్టార్ కథ వేరు. ఇది 27 వేల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నా, బరువు 40 లక్షల సూర్యుళ్లంతే. చిన్నది కాబట్టి దాని చుట్టూ వాయువు నిమిషాల్లోనే తిరిగేస్తుంది. ఒక్క చోట నిలబడని పిల్లాడిని ఫొటో తీసినట్టే! అందుకే వేల చిత్రాల సగటు తీసి ఒక్క ఫొటో ఇచ్చారు. వాటిలో ఎక్కువ శాతం వలయాలే. కానీ డేటాకు సరిపోతూనే వలయంలా లేని చిత్రాలు కూడా కొన్ని ఉన్నాయి. ఈ మాట ఈహెచ్‌టీయే బయటపెట్టింది.

ఒక్క విషయం మాత్రం క్లియర్. ఈ గొడవ వలయం గురించే కానీ, బ్లాక్ హోల్ ఉందా లేదా అన్నది కాదు. మన గెలాక్సీ మధ్యలో చుట్టూ తిరిగే నక్షత్రాల్ని ఏళ్ల తరబడి గమనించి, అక్కడ అంత బరువు ఇరుకు చోటులో ఉందని తేల్చినందుకే రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. అది ఈ ఫొటోలకు ముందే, వేరే దారిలో దొరికిన ఆధారం.

మన దేశం ఎక్కడ?

ఈహెచ్‌టీ నెట్‌వర్క్‌లో భారత టెలిస్కోప్ లేదు. మిల్లీమీటర్ తరంగాల్ని గాల్లోని తేమ మింగేస్తుంది. అందుకే ఎత్తైన, పొడి ప్రాంతాలు కావాలి. పుణె దగ్గర నారాయణ్‌గావ్‌లో ఉన్న మన జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నా, అవి పట్టేది పొడవైన తరంగాల్నే. అలాగని అది వెనకబడిందనుకోవద్దు. ఒఫియూకస్ గెలాక్సీ గుంపులో బ్లాక్ హోల్ సృష్టించిన భారీ పేలుడును 2020లో గుర్తించినప్పుడు జీఎంఆర్‌టీ డేటా కూడా కీలకమైంది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో కడుతున్న స్క్వేర్ కిలోమీటర్ ఆరే ప్రాజెక్టులో చేరడానికి కేంద్రం రూ.1,250 కోట్లు కూడా ఆమోదించింది.

మరి ఈ చర్చ తేలేదెలా? కొత్త వాదనలతో కాదు, కొత్త చుక్కలతోనే. అంటే మరిన్ని టెలిస్కోపులు, మరింత చిన్న తరంగాలు. 0.87 మిల్లీమీటర్ల దగ్గర పరీక్ష ఫలించినట్టు ఈహెచ్‌టీ 2024లో ప్రకటించింది. ఒక్క ఫొటో కాకుండా సినిమాలా కదిలే దృశ్యం చూపించాలన్నది తర్వాతి టార్గెట్. వాయువు కదులుతున్నా మధ్యలోని నీడ మాత్రం ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌లో అలాగే కనిపిస్తే.. అప్పుడు గారె మీద ఉన్న అనుమానాలు చాలావరకు తీరినట్టే.