మన ఊళ్లో మనమే అద్దెకుంటున్నాం

పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు. ఈ ఊళ్లలో ఏ ఊళ్లోనైనా మెయిన్ రోడ్డు వెంట నడుస్తూ అంతస్తుల ఇళ్లు లెక్కపెట్టండి. ఎన్ని ఆదివాసీలవి? ఆ ఇళ్లలో నెలనెలా అద్దె కట్టేవాళ్లలో మన టీచర్లెందరు, మన ఏఎన్ఎంలెందరు? చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో ఇల్లు గానీ జాగా గానీ కొనే హక్కు ఆదివాసీకి, ఆదివాసీలే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి మాత్రమే ఉంది. కొనే హక్కున్నవాడు అద్దెకుంటున్నాడు, కొనే హక్కు లేనివాడు అద్దె వసూలు చేస్తున్నాడు. దీన్ని మనం మామూలు విషయంలా చూడటం అలవాటు చేసుకున్నాం.

పైగా చదువుకున్న మన తమ్ముళ్లే కొందరు ‘వన్ సెవెంటీ వల్లే మనం ఎదగట్లేదు, మన ఇంటికి రేటు రాదు, లోను రాదు, చట్టాన్ని కొంచెం సడలిస్తే మంచిది’ అంటున్నారు. ఈ మాట ఎవరి నోటి నుంచి మన నోటికి వచ్చిందో ఆలోచించండి. రేటు వచ్చేది అమ్మేవాడికి ఒక్కసారే. ఆ తర్వాత అతని పిల్లలు ఎక్కడుంటారు? మైదానంలో లంబాడా, యానాది, ఎరుకల కుటుంబాలకు ఈ చట్టం రక్షణ లేదు. అక్కడ రేటు బాగానే వస్తోంది. భూమి ఎవరి చేతిలో మిగిలిందో వాళ్లనే అడగండి.

లోను సంగతి చూద్దాం. బ్యాంకు మేనేజరు ‘ఏజెన్సీ భూమి కదా, తనఖా కుదరదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. మనం లేచి వచ్చేస్తాం. కానీ ఆ చట్టంలోనే దారి ఉంది. ఆదివాసీ తన ఆస్తిని స్వాధీనం వదలకుండా సహకార సంఘానికి గానీ, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకు గానీ తనఖా పెట్టుకోవచ్చు. అప్పు తీరకపోతే బ్యాంకు దాన్ని మళ్లీ ఆదివాసీకే అమ్మాలి. షరతు అంతే. చట్టం తెరిచిపెట్టిన తలుపును బ్యాంకు మూస్తోంది. మనం మాత్రం చట్టాన్ని తిడుతున్నాం. అందుకే ఉద్యోగం రాగానే విశాఖలోనో, ఖమ్మంలోనో, హన్మకొండలోనో ఫ్లాటు కొంటున్నారు. కొనుక్కోండి, తప్పు కాదు. కాకపోతే అక్కడ లాయరు చేత కాగితాలన్నీ చూపించుకునే మనిషి, సొంత ఊళ్లో మాత్రం ‘తెలిసినవాడే కదా’ అని తెల్లకాగితం మీద సంతకం చేసి డబ్బు ఇచ్చేస్తాడు!

నిజానికి ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. గిరిజనేతరుడు ఇల్లు అమ్ముతానంటే మొదట అడగాల్సింది రేటు కాదు, ఇది నీకెలా వచ్చిందని. 1970 ఫిబ్రవరి 3 నుంచి గిరిజనేతరుల మధ్య అమ్మకాలు కూడా ఏజెన్సీలో చెల్లవు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ఈ చట్టాన్ని 1988లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. కాబట్టి ఆ తేదీకి ముందు నాటి నుంచి లింకు డాక్యుమెంట్లు చూపించమనండి. చూపించలేకపోతే అతని దగ్గర అమ్మడానికి ఏమీ లేదు. మీరు లక్షలు పోసేది మరో ఆదివాసీ కుటుంబానికి తిరిగి రావలసిన జాగాకి. ఆ జాగా మీద ఎల్‌టీఆర్ కేసు నడుస్తోందా అని గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ఆఫీసులో అడగండి. పంచాయతీలో ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించి ‘ఇవిగో కాగితాలు’ అంటారు. అవి హక్కు పత్రాలు కావు.

అమ్మేది ఆదివాసీయే అయినా చూడాల్సినవి ఉన్నాయి. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి రాదు. అసైన్డ్ భూమికి వేరే ఆంక్షలున్నాయి. రెవెన్యూ రికార్డులో అది ఏ రకం భూమో, ఎవరి పేరున ఉందో చూశాకే అడ్వాన్సు ఇవ్వాలి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఈసీ తీయాలి. వందరూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్ట్రేషన్ లేకుండా చెల్లదు. నోటరీ కాగితం, జీపీఏ పట్టుకుని ఇల్లు నాదే అంటే కుదరదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ చేయించుకోకుండా వదిలేసేవాళ్లూ మనలో చాలామందే.

ఇక చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ అంతస్తుల ఇళ్లలో కొన్ని కాగితం మీద మనవే. గుమస్తాగా పనిచేసే కుర్రవాడి పేరున, కాంట్రాక్టరు దగ్గరి డ్రైవరు పేరున, పెళ్లి చేసుకున్న ఆదివాసీ ఆడపిల్ల పేరున. సంతకానికి కొంత డబ్బు, ఒక సెల్‌ఫోను ఇస్తారు. బినామీని కూడా ఈ చట్టం నిషేధించిన బదిలీగానే చూస్తుంది. పేరు అద్దెకిచ్చినవాడు తన పేరున ఉన్న ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోడు. పక్క ఆదివాసీ ఆ ఇంటి మీద ఫిర్యాదు చేస్తే అడ్డం నిలబడేది మాత్రం వాడే. వీళ్లలో చదువురానివాళ్ల మీద నాకు కోపం లేదు. డిగ్రీ చదివి సంతకం పెట్టినవాడి మీదే కోపం.

టీచర్లకు ఒక మాట. పదో తరగతి పిల్లలకు ఒక పహాణీ లేదా అడంగల్ కాపీ, ఒక ఈసీ చూపించి చదివించడానికి రెండు పీరియడ్లు చాలు. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే, పోయినదాన్ని తిరిగి ఇప్పించే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకు గుర్తించింది. సభలో ఆ కాగితాన్ని చదవగలిగేవాళ్లు ఉండాలి కదా. మీరూ ఇల్లు కొనబోతే బ్యాంకుకి వెళ్లండి. లోను కుదరదంటే ఏ నిబంధన కింద కుదరదో రాసిమ్మని అడగండి. రాసిస్తే ఆ కాగితంతో ఐటీడీఏ పీఓ దగ్గరికి పదిమంది కలిసి వెళ్లండి. రాసివ్వకపోతే మళ్లీ మర్నాడు అదే బ్యాంకుకి వెళ్లండి.