బొగ్గుకు వేలంపాట, పలుగు పారకు కోత

సంక్షోభం వచ్చినప్పుడల్లా దేశాన్ని మళ్లీ నిలబెట్టాలంటారు పాలకులు. ఎవరి భుజాల మీద, ఎవరి లాభానికి అన్నదే అసలు ప్రశ్న.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. పట్నాల్లో పనులు పోయి వలస కూలీలు పిల్లల్ని చంకనెత్తుకొని నడిచి ఊళ్లకు చేరారు. మే నెలలో కేంద్రం 20 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అందులో ఉపాధి హామీకి అదనంగా దక్కింది 40 వేల కోట్లు. అంటే నూటికి రెండు రూపాయలు! జూన్ 18న మాత్రం 41 బొగ్గు బ్లాకులను ప్రైవేటు కంపెనీలకు కట్టబెట్టడానికి వేలం ప్రారంభించింది. దీన్ని ప్రతిఘటిస్తూ జూలైలో గని కార్మికులు 3 రోజులు సమ్మె చేశారు.

బొగ్గు, డీజిలు తక్కువ కాల్చి దేశాన్ని నడపాలని ఇప్పుడు పెద్దలంతా ఉపన్యాసాలిస్తున్నారు. మంచిదే. వేడి పెరిగితే ముందు వడదెబ్బ తగిలేది పొలంలో వంగిన కూలీకే. కాని ఆ పని కూలీలు ఏనాడో మొదలుపెట్టారు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. కాంట్రాక్టర్లు వద్దు, కూలీల నోటికాడి కూడు లాక్కునే యంత్రాలు వద్దు అన్నది ఆ చట్టం. చెరువు పూడిక తీస్తే నీరు నిలుస్తుంది. భూగర్భ జలం పైకొస్తే మోటారుకు కరెంటు తక్కువ చాలు, ఆ మేరకు బొగ్గు మిగులుతుంది. పూడిక మట్టి చేలో పడితే యూరియా ఖర్చు తగ్గుతుంది. గట్ల మీద మొక్క బతికితే నీడా, వంటచెరకూ.

2020-21లో 7 కోట్లకు పైగా కుటుంబాలు ఈ పనితోనే గండం గట్టెక్కాయి. మరి పాలకులు చేసిందేమిటి? ఆ ఏడాది సవరించిన అంచనా 1,11,500 కోట్లయితే, మరుసటి బడ్జెట్‌లో 73 వేల కోట్లకు కోసేశారు. 2025 డిసెంబరులో పాత చట్టాన్నే తీసేసే కొత్త చట్టాన్ని పార్లమెంటు చేత ఆమోదింపజేశారు. 125 రోజుల పని అంటూనే మన రాష్ట్రాల మీద 40 శాతం ఖర్చు మోపారు. లోగడ కూలి డబ్బంతా కేంద్రమే భరించేది. ఖజానా ఖాళీ అని రాష్ట్రం చేతులెత్తేస్తే ఆ 125 రోజులు కాగితం మీదే ఉంటాయి. సాగు పనుల కాలంలో 60 రోజులు పని ఆపవచ్చన్నారు. అప్పుడు కూలి రేటు ఎవరు తేలుస్తారు? భూస్వామే!

పర్యావరణం పేరు చెప్పి కంపెనీలకు రాయితీలు, కూలీలకు కోతలా? అడిగినవారికి పని, పని చేసినవారికి వారంలోగా కూలి, ఆ ఖర్చు కేంద్రానిదే. ఈ మాట ప్రతి గ్రామసభలో లేవనెత్తండి.