పేగు ఆపరేషన్ తర్వాత నీళ్లొక్కటే చాలవు

ఎండదెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా మనం చెప్పే మాట ఒకటే: "నీళ్లు బాగా తాగండి." చాలామందికి అది మంచి సలహాయే. కానీ ఇలియోస్టమీ ఆపరేషన్ అయినవారికి, అంటే చిన్నపేగు చివరి భాగాన్ని పొట్టమీద రంధ్రం ద్వారా బయటికి తెచ్చి సంచి అమర్చినవారికి, అది సరిపోదు. ఒక్కోసారి హాని కూడా చేస్తుంది.

మనం తాగే ద్రవాలు, జీర్ణరసాలు కలిసి రోజుకు సుమారు 8 నుంచి 9 లీటర్లు చిన్నపేగులోకి చేరతాయి. చాలావరకు అదే పీల్చుకుంటుంది. మిగిలిన లీటరు, లీటరున్నర నుంచి నీటినీ సోడియాన్నీ పెద్దపేగు వెనక్కి తీసుకుంటుంది. ఇలియోస్టమీ అయితే ద్రవం పెద్దపేగు దాకా వెళ్లదు. నీరూ ఉప్పూ సంచిలోకే పోతాయి.

సంచిలోకి రోజుకు లీటరున్నర, రెండు లీటర్లకు మించి పోతుంటే దాహం పెరుగుతుంది. రోగి మంచినీళ్లే తాగుతూ పోతే, పేగు గోడల నుంచి సోడియం ఆ నీటిలోకి దిగుతుంది. సంచి ఇంకా నిండుతుంది, దాహమూ తీరదు. అది ముదిరితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇలియోస్టమీ తర్వాత రోగులు మళ్లీ ఆసుపత్రిలో చేరడానికి ముఖ్య కారణాల్లో డీహైడ్రేషన్ ఒకటి.

దీనికి విరుగుడు మనకు తెలిసిన ఓఆర్ఎస్‌లోనే ఉంది. చిన్నపేగు గోడలోని ఒక ప్రొటీన్ గ్లూకోజునూ సోడియాన్నీ జంటగా లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరు వెళ్తుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబీస్ బంగ్లాదేశ్ శరణార్థులను కలరా నుంచి కాపాడింది ఈ సూత్రంతోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. సంచిలోకి మరీ ఎక్కువగా పోయేవారికి డాక్టర్లు ఇంకాస్త ఉప్పున్న ద్రావణం రాస్తారు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఈ కొలత సొంతంగా మార్చుకోకూడదు.

పండ్లరసం, కూల్‌డ్రింకులు దీనికి బదులు కావు. వాటిలోని చక్కెర నీటిని పేగులోకి లాగుతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువే గానీ సోడియం తక్కువ. ఓఆర్ఎస్ పేరుతో తీపి పానీయాలు అమ్మడంపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆ పేరు వాడకాన్ని కట్టడి చేసింది. అయినా ప్యాకెట్ మీద ఫార్ములా చూసి కొనడం మంచిది.

ఆసుపత్రులను అడగాల్సింది ఒక్కటే. డిశ్చార్జి కాగితం మీద "నీళ్లు తాగండి" అని రాసి వదిలేయొద్దు. రోజుకు ఓఆర్ఎస్ ఎంత, మంచినీళ్లు ఎంత, సంచిలో ఎన్ని మిల్లీలీటర్లు దాటితే ఫోన్ చేయాలి, ఇవన్నీ రోగి చదవగల భాషలో రాయాలి. కొలవడానికి ఒక కప్పు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేతికివ్వాలి. ఆ ఖర్చు చాలా తక్కువ. దెబ్బతిన్న కిడ్నీకి చికిత్స ఖర్చు మాత్రం ఏ కుటుంబానికైనా భారమే.