పెద్దల పాటకు ఏ మైకు?

కోరంగి రేవున ఓడలెక్కిన తెలుగువారిని అటు బర్మాలోను, ఇటు మన మారిషసులోను ఆ రేవు పేరనే కోరంగీలని పిలిచిరి. కావున నేడు యాంగోన్ అనబడు రంగూను నగరమందలి తెలుగు గృహముల సంగతి మనకు పరాయిది కాదు.

ఆ నగరమున 1930 మే నెలలో రేవు కూలీలైన తెలుగువారిపై దాడులు జరిగెను. 1942లో యుద్ధమునకు వెఱచి లక్షలకొలది భారతీయులు బర్మాను వీడిరి. వారిలో అనేకులు కాలినడకనే పోయిరి. 1960ల దశకమున వ్యాపారములు జాతీయము చేయబడిన పిమ్మట మరల అనేకులు వెడలిరి. నిలిచిన కుటుంబములలో పిల్లల బడిచదువు బర్మా భాషయందే సాగుచున్నది. అవ్వతాతల భజనలు, మేలుకొలుపులు, లాలిపాటలు కాగితము మీద కంటె కంఠమునందే ఎక్కువగా ఉన్నవి. ఆ కంఠము ఆగిన నాడు పాటయు ఆగును. దానిని ఇంటనే రికార్డు చేయదలచినవారు మొదట అడుగు ప్రశ్న, "ఏ మైకు కొనవలెను?" అనునది.

మైకులలో ముఖ్యముగా రెండు జాతులు కలవు. డైనమిక్ మైకు గట్టిది. దానికి వేఱుగా విద్యుత్తు అక్కరలేదు. తేమకు అంతగా జంకదు. 1966లో వెలువడి నేటికిని తయారగుచున్న షూర్ ఎస్‌ఎం58 ఈ జాతిది. కండెన్సరు మైకు సున్నితమైనది. సన్నని స్వరమును, తాళపు మెఱుపును చక్కగా పట్టును. కాని దానికి సాధారణముగా 48 వోల్టుల శక్తిని ఆడియో ఇంటర్‌ఫేసు అను పెట్టె అందింపవలెను. తేమ తగిలినచో చిటపటలాడును. రంగూనులో మే మొదలు అక్టోబరు వఱకు వానలు. 2021 తరువాత కరెంటు కోతలును హెచ్చినవి. అట్టి యింట ఒక్క కంఠమునకు డైనమిక్ మైకే మేలు.

అయినను జాతికంటె దూరము ముఖ్యము. నోటికి మైకునకు నడుమ దూరమును సగము చేసినచో నేరుగా వచ్చు కంఠధ్వని సుమారు 6 డెసిబెల్‌లు పెరుగును. రేకుమీది వాన, వీధి బండ్లు, పొరుగింటి జనరేటరు, కాకుల అఱపు మాత్రము పెరుగవు. కావున వెలగల మైకును నాలుగడుగుల దూరమున నిలుపుటకంటె చవుక మైకును నాలుగైదు అంగుళముల దూరమున, నోటికి కొంచెము ప్రక్కగా నిలుపుట మంచిది. మఱియు దగ్గఱైనచో మంద్రము ఉబ్బును. ప, బ అక్షరములు గాలితో కొట్టును. గోడలకు దుప్పట్లు వ్రేలాడదీసిన ప్రతిధ్వని తగ్గును. ఫంకా ఆపవలెను.

భజన బృందమునకు ఎన్ని మైకులు? పలువురకు పలు మైకులు పెట్టినచో ఒకరి పాట వేఱొకరి మైకులో ఆలస్యముగా పడి ధ్వని డొల్లయగును. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు మైకే లేదు. ఒక్క కొమ్ము ముందు పాడెను. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చువఱకు గాయకులను, వాద్యములను దగ్గఱకు, దూరమునకు జరిపియే ధ్వనిని సరిచేసిరి. మనమును అట్లే చేయవచ్చును. దీపము చుట్టును నిలిచి రామభజన చేయు పద్ధతి మనకు ఉన్నదే కదా! దీపమును దేవుని పటము చెంతకు జరిపి, దాని తావున అన్ని వైపుల సమముగా విను మైకు నొక్కదానిని నిలుపుడు. ముదుసలుల మెల్లని గొంతులు దగ్గఱ, హార్మోనియము వారి వెనుక, తాళములు అందఱికంటె దూరమున. ఒక నిమిషము పాడి, విని, మనుష్యులను జరుపుడు.

ధ్వనిసూచిక ఎఱుపునకు పోరాదు. మిక్కిలి హెచ్చు స్వరమునందును 0కు 10 డెసిబెల్‌లు దిగువనుండిన చాలును. కరెంటు నమ్మరాని చోట బ్యాటరీతో నడచు చేతి రికార్డరు మిగుల ఉపకరించును. 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్ ప్రమాణమున వేవ్ ఫైలుగా దాచి, రెండు ప్రతులను రెండు ఇండ్లలో ఉంచవలెను. కండెన్సరు మైకున్నవారు దానిని సిలికా జెల్ పొట్లముతో మూతగల డబ్బాలో పెట్టవలెను.

పాటకు ముందు పెద్దల అనుమతి గైకొని, వారి పేరును, ఆ పాట ఎవరివద్ద నేర్చినదియు, కఠినపదముల అర్థమును వారి నోటనే పలికింపుడు. మనుమలకు రేపు పాటతోపాటు ఆ మాటలును కావలయును. మంచి మైకు కొఱకు వేచియుండి ఏడాది గడపుటకంటె ఈ వారమే చేతనున్న దానిని దగ్గఱగా పెట్టుట లెస్స. మన ద్వీపమందును అట్టి పెద్దలు ప్రతి పల్లెలో ఉన్నారు గదా!