అధ్యక్షుడికి సగం మంది, మేయర్‌కు వందలో 12 మంది: ఫెర్గూసన్‌లో ఓట్లు ఎక్కడికి పోయాయి?

అమెరికా ఎన్నికలనగానే మనకు గుర్తొచ్చేది నాలుగేళ్లకోసారి నవంబరులో జరిగే అధ్యక్ష ఎన్నికే. ఎరుపు, నీలం రంగుల మ్యాపు ఫోన్‌లో చూసి ‘ఆ ఊరు డెమొక్రాట్లది, ఈ ఊరు రిపబ్లికన్లది’ అని తేల్చేస్తాం. కానీ ఆ ఊళ్లో చలానాలు ఎంత వేయాలో, పోలీసు చీఫ్‌గా ఎవరుండాలో ఆ మ్యాపు చెప్పదు. వాటిని తేల్చేది జనం పెద్దగా పట్టించుకోని ఇంకో ఎన్నిక. ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడాలంటే మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్‌కు వెళ్లాలి.

సెయింట్ లూయిస్ శివార్లలోని చిన్న నగరం ఇది. 2010 లెక్కల ప్రకారం జనాభా సుమారు 21 వేలు. అందులో 67 శాతం నల్లజాతీయులు. అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్లకు కంచుకోట. 2014 ఆగస్టు 9న 18 ఏళ్ల మైకేల్ బ్రౌన్‌ను ఓ పోలీసు కాల్చి చంపడంతో ఈ పేరు ప్రపంచమంతా తెలిసింది. అప్పటికి అక్కడి మేయర్ జేమ్స్ నోల్స్ తెల్లజాతీయుడు, పైగా రిపబ్లికన్. ఆరుగురు కౌన్సిల్ సభ్యుల్లో నల్లజాతి వ్యక్తి ఒక్కరే. అదే ఏడాది ఏప్రిల్‌లో నోల్స్ పోటీ లేకుండానే మళ్లీ గెలిచారు!

ఇదెలా సాధ్యం?

రిగ్గింగ్ కాదు. క్యాలెండర్. ఫెర్గూసన్ నగర ఎన్నికలు నవంబరులో కాదు, ఏప్రిల్‌లో జరుగుతాయి. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. టీవీలో ప్రకటనలు ఉండవు. ఎన్నిక ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. 2012 నవంబరులో అధ్యక్ష ఎన్నికకు నల్లజాతి, తెల్లజాతి ఓటర్లు ఇంచుమించు సమానంగా, సగానికి పైగా ఓటేశారని పరిశోధకుల అంచనా. ఐదు నెలలు తిరిగాక, 2013 ఏప్రిల్ నగర ఎన్నికలో మొత్తం పోలింగ్ సుమారు 12 శాతం. తెల్లజాతీయుల్లో 17 శాతం మంది ఓటేస్తే, నల్లజాతీయుల్లో 6 శాతమే.

కాబట్టి ‘వాళ్లకు ఓటంటే బద్ధకం’ అనే మాట ఇక్కడ నిలబడదు. ఐదు నెలల ముందు లైన్లో నిలబడింది ఆ జనమే కదా! 1990లో ఈ ఊళ్లో నల్లజాతీయులు నాలుగో వంతు మాత్రమే. రెండు దశాబ్దాల్లో జనాభా తలకిందులైంది, పాత కాపుల ఓటింగ్ అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. ఎన్నికకు తక్కువ మంది వచ్చినప్పుడు పాతుకుపోయిన వర్గాలదే పైచేయి అవుతుందని రాజకీయ శాస్త్రవేత్త సారా ఆంజియా ఏనాడో వివరించారు. నిజానికి నగర ఎన్నికలను విడిగా పెట్టాలన్నది వందేళ్ల కిందటి సంస్కర్తల వాదన. పార్టీ పెత్తనం తగ్గుతుందని వారి ఆశ. తగ్గిందో లేదో గానీ, ఓటర్లయితే తగ్గారు.

అయితే ఏమైంది?

అక్కడ కౌన్సిల్ సిటీ మేనేజర్‌ను నియమిస్తుంది. పోలీసు శాఖ ఆయన కింద ఉంటుంది. మున్సిపల్ కోర్టు జడ్జిని ఎన్నుకునేదీ కౌన్సిలే. అంటే ఏప్రిల్‌లో వేయని ఓటు చివరికి తేలేది రోడ్డు మీద ఆపే పోలీసు దగ్గర. అమెరికా న్యాయశాఖ 2015 మార్చిలో ఇచ్చిన నివేదిక చదివితే ఒళ్లు జలదరిస్తుంది. 2015 బడ్జెట్‌లో 1.33 కోట్ల డాలర్ల సాధారణ ఆదాయం అంచనా వేసుకుంటే, అందులో దాదాపు 31 లక్షల డాలర్లు జరిమానాలు, కోర్టు ఫీజుల నుంచే రావాలట! 2012 నుంచి 2014 వరకు చలానాలు పడినవారిలో 90 శాతం నల్లజాతీయులు.

కాల్పుల తర్వాత వేలమంది కొత్తగా ఓటరు నమోదు చేసుకున్నారని మొదట వార్తలొచ్చాయి. తర్వాత అధికారులు సరిచేసి చెప్పిన లెక్క: 128 మంది. అయినా 2015 ఏప్రిల్‌లో పోలింగ్ దాదాపు 30 శాతానికి చేరింది. ఉన్న ఓటర్లే కదిలారన్నమాట. కౌన్సిల్‌లో నల్లజాతి సభ్యులు ముగ్గురయ్యారు. అప్పుడు గెలిచిన వెస్లీ బెల్ ఇప్పుడు అమెరికా కాంగ్రెస్ సభ్యుడు. ఎల్లా జోన్స్ 2017లో నోల్స్ చేతిలో ఓడి, 2020 జూన్‌లో తొలి నల్లజాతి మేయర్ అయ్యారు. పోలింగ్ పెరగ్గానే అన్నీ మారిపోలేదు, ఐదేళ్లు పట్టింది.

తేదీ మారిస్తే?

పోలింగ్ మరీ తక్కువగా ఉండే నగరాలు రాష్ట్ర ఎన్నికలతో కలిపి ఓటింగ్ పెట్టుకోవాలని కాలిఫోర్నియా 2015లో చట్టం చేసింది. న్యూయార్క్ కూడా 2023లో ఆ బాటే పట్టింది. జాతీయ గోలలో డ్రైనేజీ సమస్య వినపడదని దీనికి అభ్యంతరం ఉంది. అది నిజమే, కానీ వందలో 12 మంది తేల్చేయడం కంటే నయం. మన దగ్గర జమిలి ఎన్నికలపై కోవింద్ కమిటీ కూడా స్థానిక ఎన్నికలను లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలైన 100 రోజుల్లోపు జరపాలని 2024లో సిఫార్సు చేసింది.

మీ అక్కో, బావో పౌరసత్వం వచ్చి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నారా? అక్కడ మేయర్, కౌన్సిల్ ఎన్నికలు మే నెలలో జరుగుతాయి. ఓటరు నమోదు పోలింగ్‌కు 30 రోజుల ముందే ముగుస్తుంది. ఈసారి వీడియో కాల్‌లో ఓ మాట అడిగి చూడండి.