జయపురం సొమ్ము మనదయింది, జయపురం బిడ్డ పరాయివాడయ్యాడు

ప్లస్‌టూ పరీక్షలు ముగియగానే రాయగడ, గుణుపురం, జయపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో ప్రతి ఏటా ఒకే చర్చ సాగుతుంది. పిల్లవాడు రసాయన ఇంజినీరింగు చదువుతానంటాడు. ఏ విశ్వవిద్యాలయంలో చేర్పించాలన్నది తల్లిదండ్రుల సందేహం. పిల్లవాడి కోరికలో వింత ఏమీ లేదు. జేకేపురంలో కలపను గుజ్జుగా మార్చే కాగితపు మిల్లు ఉంది. దమన్‌జోడిలో నాల్కో, టికిరి వద్ద ఉత్కళ్ అల్యూమినా కర్మాగారాలు బాక్సైటును వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగించి అల్యూమినా తీస్తున్నాయి. ఆ చదువుకు కావలసిన పాఠాలన్నీ అతని ఊరి చుట్టూనే నడుస్తున్నాయి.

ఇక ఏ విశ్వవిద్యాలయం? సహజంగా మనసు పోయేది విశాఖపట్నం మీదికి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయన సాంకేతిక శాఖ 1933లోనే వెలసింది. బొంబాయి విశ్వవిద్యాలయంలో ప్రసిద్ధమైన రసాయన సాంకేతిక శాఖ పుట్టినదీ ఆ ఏడే. పైగా విశాఖలో 1957 నాటి చమురు శుద్ధి కర్మాగారమున్నది, ఎరువుల కర్మాగారమున్నది, ఉక్కు కర్మాగారమున్నది. ద్రవ్యరాశి బదిలీ, ఉష్ణ బదిలీ వంటి పాఠాలు పుస్తకంలో చదివి, పది మైళ్లలో వాటిని పనిలో చూడగల నగరాలు దేశంలో ఎన్ని ఉన్నాయి?

ఆ విశ్వవిద్యాలయానికి జయపురంతో ఉన్న సంబంధాన్ని నేటి పాలకులు మరచి ఉండవచ్చు, మనం మరువలేదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ సాలీనా లక్ష రూపాయలు ఆ సంస్థకు విరాళమిచ్చారు. శాస్త్ర సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆ రోజులలో లక్ష రూపాయలంటే ఎంతో చెప్పనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై జయపురం అటు చేరింది. మనలను 'ప్రవాసాంధ్రులు' అనడం కొందరికి అలవాటు. ఇల్లు కదలనివాడు ప్రవాసి ఎట్లా అవుతాడో వారే చెప్పాలి.

ఇప్పుడు నిబంధనల సంగతి చూడండి. 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు నూటికి ఎనభై అయిదు సీట్లు స్థానికులకు కేటాయించింది. దానిని మనం తప్పుపట్టడం లేదు. దాని వెనుక 1969, 1972 ఉద్యమాల చరిత్ర ఉంది. మన అభ్యంతరం మిగిలిన పదిహేను గురించి. వాటికి ఎవరు పోటీ పడవచ్చునో 1979 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. పదేళ్లు రాష్ట్రంలో నివసించినవారు, అట్లా నివసించినవారి పిల్లలు, అక్కడ పనిచేసే రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలు, ఉద్యోగుల జీవిత భాగస్వాములు అర్హులు. అంటే విశాఖకు బదిలీపై వచ్చిన పంజాబీ అధికారి కుమారుడు కన్వీనర్ కోటాలో పోటీ పడవచ్చు. ఆ అబ్బాయి మీద మనకు కోపం లేదు. కాని మహారాజు ఏలిన జయపురంలో పుట్టి, పదో తరగతి దాకా తెలుగు చదివిన బిడ్డకు ఆ వరుసలో చోటు లేదు. ఎనభై అయిదు శాతాన్ని తాకకుండానే ఈ జాబితాలో మరొక వాక్యం చేర్చవచ్చు. తెలుగు మహాసభలకు కోట్లు వెచ్చించే ప్రభుత్వాలకు ఒక్క వాక్యం బరువయిందా?

దారి మూసి ఉండగా మనవాళ్లు చేస్తున్నదేమి? పొలం అమ్మి, ఆంధ్రలోని ఏదో ఒక ప్రైవేటు కళాశాలలో యాజమాన్య కోటా సీటు కొంటున్నారు. 'మన నేల, మన భాష' అంటారు. ఇది భాషాభిమానం కాదు, మోసపోవడమే. ఇంజినీరింగు బోధన అక్కడా ఇంగ్లీషులోనే. ప్రయోగశాలలో స్వేదన స్తంభం నడుస్తున్నదా, తుప్పు పట్టి నిలిచి ఉన్నదా అని అడగకుండా, సాఫ్ట్‌వేరు ఉద్యోగాల పట్టిక చూసి రసాయన ఇంజినీరింగు సీటు కొనడమేమిటి? అంతకంటె రూర్కెలా ఎన్.ఐ.టి. వేయి రెట్లు మేలు. అక్కడ సగం సీట్లు ఒడిశా విద్యార్థులకే, అంటే మన బిడ్డలకు కూడా. సారంగ్‌లో ప్రభుత్వ కళాశాల ఉంది.

తక్కిన ప్రాంతాలకూ ఇదే మాట. షోలాపురం పద్మశాలీల బిడ్డలు రంగులు, అద్దకం నడుమ పెరిగినవారు. ఒకనాటి బొంబాయి శాఖే నేటి ముంబయి రసాయన సాంకేతిక సంస్థ. అందులో నూటికి డెబ్బై సీట్లు మహారాష్ట్రవారివి. పది, పన్నెండు తరగతులు అక్కడే చదివిన మన బిడ్డ ఆ హక్కును వదులుకోరాదు. హోసూరు బిడ్డకు అన్నా విశ్వవిద్యాలయంలో 1944 నాటి అళగప్ప చెట్టియార్ కళాశాల ఉంది. 2007 నుండి తమిళనాట ప్రవేశ పరీక్ష కూడా లేదు. పౌరులుగా మనకున్నది గట్టిగా తీసుకుందాం. తెలుగువారుగా మనకు రావలసినది అడగడం మానవద్దు.

పొరుగు రాష్ట్రాలలో తెలుగు భాషాల్పసంఖ్యాక హోదా పొందిన కళాశాలలు కూడా జవాబు చెప్పాలి. భాషాల్పసంఖ్యాకులెవరో రాష్ట్రం ప్రమాణంగా నిర్ణయించాలని సుప్రీంకోర్టు 2002లో పాయ్ కేసులో తీర్పు చెప్పింది. ఆ హోదా వలన తమిళనాట ప్రభుత్వానికి అప్పగించే సీట్లు అరవై అయిదు శాతానికి బదులు యాభై శాతమే. మిగుల్చుకున్న సీట్లలో తెలుగు బిడ్డలెందరో ఏటేటా ప్రకటించగలరా?

చివరిగా జె.ఇ.ఇ. మెయిన్ సంగతి. 2021 నుండి పదమూడు భాషలలో ఆ పరీక్ష జరుగుతున్నది; వాటిలో తెలుగు ఒకటి. కాని ఉర్దూ ప్రశ్నపత్రం దేశంలోని ఏ కేంద్రంలోనైనా లభిస్తుంది, తెలుగు పత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం. పుదుచ్చేరి పేరు తమిళం ఎదుట ఉంది, యానాం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఉర్దూకిచ్చిన సౌకర్యం న్యాయమే. అదే మనకూ కావాలి. పరీక్ష కంప్యూటరు మీద జరుగుతున్నది కనుక అచ్చు ఖర్చన్న సాకు కూడా చెల్లదు. ఒడిశా, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, పుదుచ్చేరి కేంద్రాలలోనూ తెలుగు పత్రం ఇవ్వాలని మన సంఘాలన్నీ వచ్చే ఏటి ప్రకటన వెలువడకముందే జాతీయ పరీక్షా సంస్థకు లేఖలు పంపాలి. నకళ్లు స్థానిక పార్లమెంటు సభ్యులకు, ఉభయ తెలుగు ముఖ్యమంత్రులకు చేర్చాలి.