నెక్రోసిస్ వేరు, గాంగ్రీన్ వేరు

వైద్య నివేదికలలో కనిపించే నెక్రోసిస్, గాంగ్రీన్ అనే రెండు మాటలనూ మన పత్రికలు తరచుగా 'కుళ్ళిపోవడం' అనే ఒకే మాటతో సరిపెడుతున్నాయి. ఇది నాకు సమ్మతము కాదు. ఈ అనువాదము కొందరిని అనవసరముగా భయపెడుతుంది. భయపడవలసిన వారిని నిశ్చింతగా ఉంచుతుంది.

నెక్రోసిస్‌కు మూలమైన గ్రీకు పదానికి శవమని అర్థము. బ్రతికి ఉన్న శరీరములో కొంత కణజాలము మరణించడమే నెక్రోసిస్. రక్తము అందకపోయినా, కాలినా, విషపదార్థాలు సోకినా, సూక్ష్మజీవులు దాడి చేసినా ఇది కలుగవచ్చు. గుండెపోటులో హృదయ ధమని పూడుకుపోయినపుడు గుండె కండరములో జరిగేది ఇదే. అక్కడ కుళ్ళు లేదు, దుర్వాసన లేదు. కొన్ని వారాలలో ఆ చోట మచ్చ కడుతుంది. తొడ ఎముక తలకు రక్తము అందక కలిగే ఎవాస్క్యులర్ నెక్రోసిస్ కూడా కుళ్ళు కాదు. ఆ నివేదిక చూసి "కాలు తీసేస్తారా?" అని కంటతడి పెట్టేవారు ఉంటారు. వ్యాధి బాగా ముదిరినా మార్చేది తుంటి కీలును, కాలు ఉంటుంది.

వేలో, పాదమో, ఒక్కొక్కప్పుడు పేగో, పిత్తాశయమో కంటికి కనిపించేంత మేర మరణిస్తే దానిని గాంగ్రీన్ అంటారు. అంటే గాంగ్రీన్‌లో నెక్రోసిస్ తప్పక ఉంటుంది. నెక్రోసిస్ అంతా గాంగ్రీన్ కాదు.

అసలు చిక్కు పొడి గాంగ్రీన్‌తో వస్తుంది. మధుమేహము ఉన్నవారిలో, పొగ త్రాగేవారిలో కాలి ధమనులు పూడుకుపోయి వేలు నల్లబడి, ఎండి, ముడుచుకుంటుంది. చీము ఉండదు, వాసన ఉండదు. మధుమేహము వలన నాడులు దెబ్బతిన్న వారికి నొప్పి కూడా అంతగా తెలియకపోవచ్చు. "కుళ్ళలేదు కదా" అని పసుపు పూసి ఊరుకుంటారు. (ఆ పాదాన్ని వేడినీళ్ళలో పెట్టి కాల్చుకునేవారు మరికొందరు!) దానిలో సూక్ష్మజీవులు చేరితే అది తడి గాంగ్రీన్‌గా మారుతుంది. వాపు, జ్వరము, దుర్వాసన అప్పుడు వస్తాయి. అది త్వరగా పైకి ప్రాకి, వేలితో పోవలసినది మోకాలి దిగువ వరకు తీసివేయవలసిన స్థితికి, ఒక్కొక్కసారి ప్రాణాపాయానికి దారి తీస్తుంది.

అందుచేత నెక్రోసిస్‌ను 'కణజాల మరణము' అందాము. గాంగ్రీన్ ఇప్పటికే పల్లెలలో కూడా తెలిసిన మాట; దానిని అలాగే ఉంచుదాము. 'కుళ్ళు' అనే మాట తడి గాంగ్రీన్‌కు మాత్రమే తగినది.

మీ ఇంట్లో ఎవరికైనా కాలి వేలు నీలముగానో నల్లగానో మారితే వాసన కోసము ఎదురు చూడకండి. ఆ రోజే వైద్యునికి చూపించండి. మరణించిన వేలు తిరిగి బ్రతకదు. కాని పూడిన ధమనిని సకాలములో తెరిస్తే మిగిలిన పాదాన్ని చాలామందిలో దక్కించవచ్చు.